కొబ్బరికాయ మింగిన కోట గోడ

మలాక్కా కోటను పోర్చుగీసువాళ్ళు కట్టారు. డచ్చివాళ్ళు పట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు మందుపెట్టి పేల్చేశారు. చరిత్ర పుస్తకాల్లో అంతవరకే ఉంటుంది. ఆ తర్వాత చాలాకాలానికి ఆ కోట మీద ఇంకో దాడి జరిగింది. అందులో సైన్యం మొత్తం నలుగురు, ఆయుధం ఒక కొబ్బరికాయ, సేనాపతిని నేను. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు కానీ, పరువు పోయింది మాత్రం నాదే.

కోటను పేల్చేశారని ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను కదా, ఆ రోజుకు ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు. అదే అసలు కథ.

అప్పటికి నేను కౌలాలంపూర్ దగ్గర బంటింగు అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాడిని. కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ళ ఉగాది వేడుకకు వెళ్ళి, పచ్చడి గిన్నెల దగ్గర సుమతిని చూశాను. పచ్చడి తాగాను, బాగుందన్నాను, మళ్ళీ తాగాను. వేపపువ్వు దండిగా పడ్డ పచ్చడిని అన్నిసార్లు అడిగి తాగిన మనిషిని ఆ అమ్మాయి అంతకుముందు చూడలేదట. అలా మాటలు కలిశాయి. కొన్నాళ్ళకు, మా నాన్నతో ఒకసారి మాట్లాడు, అంది.

సుమతి వాళ్ళ నాన్న రిటైరైన టీచరు. మా దేశంలో టీచర్లను చేగూ అంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆ పేరు దిగిపోదు. పొట్టి మనిషి, గట్టి మనిషి, ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్ళజోడు తుడుచుకుంటూ వింటాడు. తుడవడం అయిపోయేలోగా మన మాట అయిపోవాలని మనకు కంగారు పుడుతుంది. ఆయన ఏ పాఠం చెప్పేవారో అడగాలని నాకు తట్టలేదు. మొహం చూసి లెక్కల మాస్టారై ఉంటారనుకున్నాను.

నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజు, కాఫీ తాగుతుండగా ఆయన, వచ్చేవారం మలాక్కాలో తన మరదలి ఇంటికి వెళ్తున్నామని, ఆ ఊరు నాకు తెలుసా అని అడిగారు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ తలుపు పక్కన సుమతి నిలబడి ఉంది. నా నోరు నా చేతిలో లేదు.

"తెలుసా ఏంటి చేగూ, ప్రతి రాయీ తెలుసు. చదువుకునే రోజుల్లో సెలవలకి టూరిస్టులకి చూపించేవాడిని. కోట గోడ పట్టుకుని ఊరంతా చుట్టి వచ్చేయొచ్చు."

నిజానికి నేను మలాక్కా వెళ్ళింది స్కూల్లో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి. అది కూడా బస్సులో కడుపు తిప్పి, అందరూ తిరుగుతుంటే నేను చివరి సీట్లో పడుకున్నాను. మరి కోట గోడ సంగతి నాకెలా తెలుసంటారా? ఫోనులో వీడియో చూశాను. ఐరోపాలో ఏదో ఊరు, చుట్టూ పాతకాలపు గోడ, గోడ మీద జనం టోపీలు పెట్టుకుని నడుస్తున్నారు, కింద ఎర్ర పెంకుల ఇళ్ళు. మలాక్కాను కట్టింది కూడా ఆ దేశాలవాళ్ళే కాబట్టి ఇక్కడా అలాంటి గోడే ఉంటుందని తీర్మానించుకున్నాను. నా తెలివి ఎప్పుడూ ఇలాగే, సగం దారి బాగానే నడుస్తుంది.

చేగూ కళ్ళజోడు పెట్టుకుని, "సరే తంబీ, మాకు కూడా చూపించు. మనిషి సంగతి నడకలో తెలుస్తుంది. నీ విషయం ఆ సాయంత్రం మాట్లాడుకుందాం," అన్నారు.

లోపలి గదిలోంచి సుమతి వాళ్ళ మామ్మ వచ్చింది. చేగూకి తల్లి. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో చెట్లు గీసి పిల్లల్ని పెంచిన మనిషి. ఆమెకు కోట మీద కన్నా నా మీద ఎక్కువ అనుమానం ఉన్నట్టుంది. ఎగాదిగా చూసి తన మాట తను చెప్పింది.

"మా తోటలో ఏ సుబకార్యమైనా ఎల్లకాడ కాయ కొట్టి అడిగేవోళ్ళం బావూ. కాయ రెండు సెక్కలుగా తిన్నగా పగిల్తే సంబంధం మంచిది. కుళ్ళితే వొద్దు. ఊరి ఎల్లంటే కోట గోడే గదా. నాను కాయ తెస్తాను. నువ్వు గోడ సూపించు."

అంటే సంగతి అర్థమైంది కదా. చేగూకి నా నడక నచ్చాలి, మామ్మకి కాయ పగలాలి, రెండింటికీ గోడ ఉండాలి. నా పెళ్ళి మొత్తం ఆ గోడకు ఆనుకుని నిలబడింది.

ఇంటికి వెళ్ళి మలాక్కా కోట మ్యాపు కోసం వెతికాను. అద్భుతమైన మ్యాపు దొరికింది. మధ్యలో కొండ, చుట్టూ గోడ, మూలమూలకీ బురుజు, ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, సముద్రంలో తెరచాపల ఓడలు. దాన్ని ఫోనులో దాచుకుని, పరీక్షకు చదివినట్టు చదివి కంఠతా పట్టాను. తెరచాపల ఓడలు చూసినప్పుడైనా, ఇది కోట పేల్చక ముందు, ఎప్పుడో నాలుగైదు వందల ఏళ్ళ కిందటి మ్యాపు అని అనుమానం రావాలి కదా. బొమ్మ బాగా వేశాడు అనుకున్నానంతే.

అనుకున్న రోజు వచ్చింది. సుమతి వాళ్ళ అమ్మ తన చెల్లెలి ఇంట్లో వంట దగ్గర ఉండిపోయింది. మేం నలుగురం ఎర్ర చర్చి, ఎర్ర గడియారం స్తంభం ఉన్న కూడలిలో దిగాం. పూలు, బొమ్మలు అతికించిన మూడుచక్రాల రిక్షాలు చెవులు చిల్లులుపడేలా పాటలు పెట్టుకుని తిరుగుతున్నాయి. మామ్మ చంకలో గుడ్డసంచి, సంచిలో కాయ. చేగూ గొడుగు వేసుకున్నారు. నేను ఫోను చేత్తో పట్టుకుని సైన్యానికి ముందు నడిచాను.

మొదట నది ఒడ్డుకు తీసుకువెళ్ళాను. మ్యాపు ప్రకారం అక్కడి నుంచే గోడ మొదలవ్వాలి. అక్కడ నున్నగా కట్టిన ఒక బురుజు ఉంది, దాని మీద ఫిరంగులు కూడా ఉన్నాయి. చేగూ దాని ముందు ఆగి నా వైపు చూశారు. అది మరీ శుభ్రంగా ఉందని నాకు నచ్చలేదు. నేను చూసిన వీడియోలో గోడలన్నీ నాచుపట్టి ఉన్నాయి.

"ఇది ఈమధ్య కట్టింది చేగూ. దీన్ని చూడక్కర్లేదు. అసలుది ముందుంది."

చేగూ "ఓహో" అన్నారు. ఈమధ్య కట్టినమాట నిజమే కానీ, తవ్వకాల్లో బయటపడ్డ పాత పునాదుల మీదే దాన్ని కట్టారని నాకు తర్వాత తెలిసింది. మొత్తం ఊళ్ళో మామ్మకు చూపించదగ్గ గోడ ఏదైనా ఉందంటే అదే. దాన్ని చూడక్కర్లేదని చెప్పి ముందుకు తీసుకుపోయాను.

ఎండ ముదిరింది. కొండ కింద చుట్టూ తిరిగాం. మ్యాపులో గోడ ఉన్నచోట రోడ్డు ఉంది, బురుజు ఉన్నచోట బస్సులు ఆగి ఉన్నాయి. ప్రతిచోటా ఆగి, "ఇక్కడ నిలబడే సైనికులు శత్రువుల మీద సలసల కాగే నూనె పోసేవాళ్ళు," అని చెప్పాను. ఆ నూనె నేను పుట్టించిందే. మూడోచోట కూడా నూనె పోశాక, చేగూ నెమ్మదిగా, అంత నూనె ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు తంబీ, అని అడిగారు. పామాయిలు, అన్నాను. మా దేశంలో ఆ తోటలు వేసింది ఎన్ని వందల ఏళ్ళ తర్వాతో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. చేగూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సుమతి నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "నీకు రూటు తెలుసు కదా? తెలీకపోతే ఇప్పుడే చెప్పెయ్-లా. నాన్న ఏమీ అనరు," అంది. మాట చివర అలా ఒక లా తగిలించడం మా దేశంలో అందరికీ అలవాటు.

ఆ అమ్మాయి ఇచ్చిన ఆ అవకాశాన్ని తీసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. "తెలుసు, నువ్వు ఊరికే ఉండు," అన్నాను.

చివరికి కొండకు అవతలివైపు కోట ద్వారం కనబడింది. పాత రాతి ద్వారం, పైన చెక్కిన బొమ్మలు, ముందు ఫిరంగులు, ఫొటోలు దిగేవాళ్ళు. నా ప్రాణం లేచి వచ్చింది. చూశారా అన్నట్టు చెయ్యి చాపాను. మామ్మ ద్వారంలోంచి అవతలకి వెళ్ళింది, మళ్ళీ ఇవతలకి వచ్చింది, కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది.

"గుమ్మముంది. ఇల్లేది బావూ?"

నిజంగానే దానికి ఇటూ లేదు, అటూ లేదు. ద్వారం ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంది. సరేలే, ఈ గుమ్మానికే కొట్టేస్తానని మామ్మ సంచిలోంచి కాయ తీసింది. చుట్టూ అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు, పక్కన కాపలావాడు ఉన్నాడు. పురాతన కట్టడానికి కొబ్బరికాయ కొడితే మమ్మల్ని పోలీసు వ్యానెక్కిస్తారని భయం వేసింది. ఆ భయంలో నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

"గుమ్మానికి కాదు మామ్మా, గోడకే కొట్టాలి. గోడ వెనకవైపు ఉంది. నేను చూపిస్తానుగా."

మ్యాపు ప్రకారం అక్కడినుంచి సముద్రం కనబడాలి. సముద్రం ఉండాల్సిన చోట షాపింగ్ మాల్ ఉంది. సముద్రాన్ని పూడ్చి ఊరు పెంచారని నాకేం తెలుసు? మామ్మ కాళ్ళు లాగుతున్నాయని రెండుసార్లు కూర్చుంది. ఏ సందు దొరికితే ఆ సందులోకి తిప్పాను. అలా తిప్పగా తిప్పగా, మళ్ళీ నదికి దగ్గర్లో, దుకాణాల వెనక ఒక ఇరుకు సందులో, దేవుడు నా మొర విన్నాడు.

గోడ.

నేను వీడియోలో చూసిన గోడ లాంటిదే. ఇటుకరంగు పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో నాచు, పైన పళ్ళ వరసలాగా కోట అంచు, ఒకచోట ఫిరంగి పెట్టే కన్నం కూడా ఉంది. నా కంటే ఎత్తు. చుట్టూ ఎవరూ లేరు, బోర్డు లేదు, టికెట్టు లేదు. ప్రభుత్వం కూడా మరచిపోయిన గోడను కనిపెట్టేశానని ఛాతీ పొంగింది.

"చూశారా చేగూ? టూరిస్టులెవరూ ఇక్కడికి రారు. తెలిసినవాళ్ళే వస్తారు."

మామ్మ చెప్పులు విడిచింది. వెళ్ళి గోడకు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంది. ఆమె అరచేతికీ, కనురెప్పలకీ ఇటుకరంగు అంటుకుంది. ఇదేటని అడిగింది. ఎర్రరాయి మామ్మా, వందల ఏళ్ళైనా రంగు వదులుతూనే ఉంటుంది, అని చెప్పాను. నాకు ఎక్కడినుంచో పెయింటు వాసన వస్తోంది. పక్కింట్లో సున్నం వేస్తున్నారనుకున్నాను.

అయినా కాయ కొట్టేముందు నాకు కాస్త జంకు పుట్టింది. ఇంత పురాతనమైన గోడ, దెబ్బతింటుందేమోనన్నాను. అప్పుడు చేగూ గొడుగు ముడిచి, "కొట్టుకోనీ తంబీ. ఈ గోడకేమీ కాదు," అన్నారు. పెద్దాయన అంత నమ్మకంగా అన్నాక నేనెవర్ని ఆపడానికి?

మామ్మ కాయకు పసుపు రాసింది, కర్పూరం వద్దని మేం బతిమాలితే సరేనంది. కళ్ళు మూసుకుని తోటలోని ఎల్లదేవుణ్ణి తలుచుకుంది. "మా పిల్లకి ఈ గుంటడు తగినోడైతే తిన్నగా పగులు," అని పైకే అంది. కాయ నెత్తిమీదికి ఎత్తింది. ఎన్నో ఏళ్ళు తెల్లారకుండా లేచి రబ్బరు పాల బకెట్లు మోసిన చెయ్యి అది. నేను రెండు చెక్కలు ఎక్కడ పడతాయా అని నేల వంక చూస్తున్నాను.

మామ్మ విసిరింది. కాయ కింద పడలేదు. ఠప్ అన్న చప్పుడు కూడా రాలేదు. దుప్పటి దులిపినట్టు చిన్న చప్పుడొచ్చింది, తెల్లటి పొడి లేచింది. పొడి తగ్గాక చూస్తే పోర్చుగీసు కోట గోడలో కొబ్బరికాయంత కన్నం ఉంది. కన్నం అంచుల్లో తెల్ల తెల్లటి థర్మోకోలు గింజలు రాలుతున్నాయి. కాయ లేదు. అవతల ఏదో డబ్బా దొర్లింది, ఎవరో అరిచారు.

ముందు తేరుకుంది మామ్మే.

"పగిల్నాదా, నేదా?"

ఏం చెప్పమంటారు? తిన్నగా పగిలిందా అంటే పగల్లేదు, కుళ్ళిందా అంటే కుళ్ళలేదు, గోడే మింగేసింది. ఆ శకునానికి అర్థం ఏ తోటలోనూ ఎవరికీ తెలియదు.

పక్క తలుపు తీసుకుని ఒక చైనా పెద్దాయన బయటికి వచ్చాడు. మోచేతుల దాకా ఇటుకరంగు, ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో మా కాయ. పెళ్ళిళ్ళకీ, స్కూలు నాటకాలకీ స్టేజీ వెనక అలంకరణలు చేసే దుకాణం ఆయనది. ఆ సాయంత్రం ఏదో స్కూలు నాటకానికి కోట కావాలంటే చేసి, రంగు ఆరడానికి వెనక సందులో నిలబెట్టాడు. దాని వెనకే కూర్చుని ఆసరా కర్రలు బిగిస్తుంటే, పసుపు రాసిన కొబ్బరికాయ గోడలోంచి వచ్చి రంగు డబ్బాలో పడింది. మలాక్కాలో ఎన్నో ఏళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నానని, ఇలాంటిది ఎప్పుడూ జరగలేదని మలాయిలో చెప్పాడు. చెప్పి, కాయ పైకెత్తి అడిగాడు.

"సియాపా?"

ఎవరు అని. మామ్మకు మలాయి బాగా వచ్చు. కనురెప్పల మీద ఇటుకరంగుతో, చెప్పుల్లేని కాళ్ళతో, చిన్నపిల్ల తరగతిలో చెయ్యి ఎత్తినట్టు నెమ్మదిగా చెయ్యి ఎత్తబోయింది. అది చూసి నా మనసు చివుక్కుమంది. పొద్దుటినుంచి ఆ ముసలావిడను ఎండలో ఊరంతా తిప్పింది నేను, ఈ గోడ చూపించింది నేను.

"నేనే అంకుల్. నేనే కొట్టాను," అని ముందుకు వెళ్ళాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. ఎందుకు కొట్టావని అడిగాడు. పెళ్ళి కోసం, అన్నాను. ఆయన మొహంలో కోపం పోయి జాలి వచ్చింది. అది కోపం కన్నా కష్టంగా ఉంది. సాయంత్రానికి కోట కావాలి, నాకు సాయానికి మనుషుల్లేరు, లోపలికి రా అన్నాడు.

మలాక్కా కోటకు మరమ్మతు చేసిన చివరి మనిషిని నేను. థర్మోకోలు ముక్క కోసి, కన్నంలో ఇరికించి, జిగురు పూసి, ఆరాక రంగు వేశాను. సుమతి నాచు పెట్టింది. మామ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అక్కడ ఇంకా తెల్లగా ఉంది, ఇక్కడ ఇంకా వెయ్యి, అని మేస్త్రీపని చేసింది. కాసేపటికి నా పక్కన ఎవరో చతికిలబడ్డారు. చూస్తే చేగూ, చొక్కా చేతులు మడుచుకుని, చేతిలో బ్రష్షుతో.

"అసలు గోడ ఇంగ్లీషువాళ్ళు పేల్చేశారు తంబీ. ఆ ఒక్క గుమ్మమే మిగిలింది," అన్నారు రంగు వేస్తూ. "నీ ఫోనులో ఉన్న మ్యాపు పోర్చుగీసుల కాలంది. మంచి మ్యాపే."

"మీకెలా తెలుసు చేగూ?"

"సర్వీసంతా నేను చెప్పింది చరిత్రే."

నది ఒడ్డున బురుజూ, సముద్రమూ, ఆ పామాయిలూ అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదని ఏడుపు గొంతుతో అడిగాను.

"పాఠం చెప్పేవాణ్ణి మధ్యలో ఆపకూడదు-లా," అన్నారాయన. మళ్ళీ రంగులో బ్రష్షు ముంచి, "ఇది మాత్రం నేను ఎవరిదో సిమెంటు గోడ అనుకున్నాను. అందుకే కొట్టనిమ్మన్నా. ఆ తప్పు నాది. అందుకే ఈ బ్రష్షు పట్టాను," అన్నారు.

ఆయన కళ్ళజోడు తీశారు, కానీ తుడవలేదు. చేతికి రంగు ఉంది.

"పొద్దుటినుంచి అన్నీ అబద్ధాలే చెప్పావు. ఆఖరికి ఆ చైనా ఆయనతో చెప్పింది కూడా అబద్ధమే. నా పిల్లని నీకివ్వాలంటే మిగతావి మానెయ్యి. ఆ ఒక్కటి మాత్రం ఉంచుకో."

అంటే అవునన్నట్టే కదా? సుమతి వైపు చూశాను. నాచు పెట్టడం ఆపి మొహం అటు తిప్పుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జిగురు ఘాటు అని చెప్పబోయి, అబద్ధాలు మానెయ్యమన్నారని గుర్తొచ్చి ఊరుకున్నాను.

కానీ మామ్మ కాయ సంగతి అలాగే ఉంది. ఆమె చైనా ఆయన దగ్గరనుంచి కాయ తీసుకుంది. ఒకవైపు పసుపు, ఒకవైపు ఇటుకరంగు. దుకాణం గడప రాయిని ముందు కాలితో తన్ని, తర్వాత వేలితో కొట్టి, తృప్తిపడి, అప్పుడు కాయ వేసింది. కాయ పగిలింది. తిన్నగా అంటే మరీ తిన్నగా కాదు, ఒక చెక్క పెద్దది, ఒక చెక్క చిన్నది. మామ్మ రెండూ అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పింది.

"పిల్ల పెద్ద సెక్క. నువ్వు సిన్న సెక్క. దాని మాట ఇని బతికితే బాగుంతావు."

అలాగే బతుకుతున్నాను. కౌలాలంపూర్‌లో హాలు తీసుకుని పెళ్ళి చేశారు. స్టేజీ వెనక ఏ అలంకరణ కావాలని అడిగితే చేగూ ఎవరినీ సంప్రదించకుండా మలాక్కాకు ఫోను చేశారు. వచ్చినవాళ్ళంతా తామరపూలూ నెమళ్ళూ ఉంటాయనుకుంటే, అక్కడ పోర్చుగీసు కోట ఉంది. ఇప్పటికీ మా ఇంట్లో గోడమీద ఆ పెళ్ళిఫొటో వేలాడుతోంది. సరిగ్గా నా తల పైన, మిగతా రాళ్ళకన్నా ఒక వన్నె ముదురుగా, కొబ్బరికాయంత మచ్చ ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా మామగారు దాన్ని వేలితో చూపించి, ఆ కోట కట్టింది మా అల్లుడే అని చెబుతారు.

అందుచేత, ఆ మచ్చ సాక్షిగా, సుంగై సిపుట్ ఎల్లదేవుడి సాక్షిగా, భార్య ఎదుట నిలబడి ఒట్టు వేసుకున్నాను. ఇకమీదట ఏ ఊళ్ళో ఏ కోట గోడ ఎదురైనా, దాని గురించి నోరు విప్పే ముందు వేలితో ఒకసారి తట్టి చూస్తాను. మొన్న కొత్త ఇల్లు చూడటానికి వెళ్ళి అలాగే ప్రతి గోడా తట్టుకుంటూ పోయాను. ఇంటివాడు కంగారుపడి ఏం చూస్తున్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సుమతి చెప్పేసింది, ఆయన చరిత్ర చూస్తున్నారు-లా, అని.